షౌకత్ బీ బిగించిన తీగ

మా డిటెక్టర్ నిమ్మకాయంత ప్లాస్టిక్ గోళం. లోపల పల్చగా గ్యాస్ నింపుతాం. రేడియేషన్ మన ఒంట్లో ఒక్క జీవకణాన్ని ఎంత దెబ్బ తీస్తుందో దానితో కొలవాలి. గోళం మధ్యలో వెంట్రుక కన్నా సన్నని తీగ ఉండాలి. ల్యాబ్‌లో ఎవరు బిగించినా తెగిపోతుంటే, శాలిబండలో మగ్గం పని చేసే షౌకత్ బీని నేనే వెతికి పట్టుకున్నాను. అరవై దాటిన ఆమె రెండు జరీ సూదులతో పట్టి ఆ తీగను ఒక్కసారికే నిలబెట్టింది.

ఆమె అలా తీగ బిగించిన రెండు గోళాల్లోనూ, దగ్గర రేడియేషన్ ఏదీ లేకపోయినా సిగ్నళ్లు వచ్చాయి. తీగకు జిడ్డు అంటితే అలాగే అవుతుంది. మా ప్రొఫెసర్ ఆదిశేషయ్య గారు కారణం అడిగినప్పుడు షౌకత్ బీ ఎదురుగానే నిలబడి ఉంది.

"ఆమె పాన్ తింటారు సార్. చేతులు..." అన్నాను.

సారు ఇంకేం అడగలేదు. ఆమెకు మళ్లీ కబురు పంపలేదు.

మూడో తీగను కొత్త టెక్నీషియన్ ఎన్నో తెంపి చివరికెలాగో బిగించాడు. దానిలోనూ అవే సిగ్నళ్లు. మైక్రోస్కోప్ కింద చూస్తే తీగ కొసన చిన్న జిడ్డు చుక్క. గోళం మూసేముందు నేను వేలితో సర్దే చోటు అది. గ్లౌజులు వేసుకునే కదా సర్దాను అనుకుంటూ ఇంకా వంగాను. జడలోంచి జారిన వెంట్రుకలను గ్లౌజు చెయ్యి తనంతట తానే చెవి వెనక్కి తోసింది. తల నిండా కొబ్బరినూనె. ఊళ్లో బడికి పోయేటప్పటి అలవాటు.

మర్నాడు శాలిబండ వెళ్లాను. గుమ్మంలో షౌకత్ బీ మనవరాలు ముస్కాన్ నన్ను చూసి లోపలికి కేకేసింది.

"నానీ, సైంటిస్ట్ అక్క వచ్చింది. చేతులు కడుక్కో!"

నేను నోరు తెరిచేలోపే షౌకత్ బీ రెండు చేతులూ నా ముందు చాపింది.

"చూడు బేటీ. పాన్ బంద్ పెట్టిన. సబ్బుతోని మూడుసార్లు కడుగుతున్న. గిప్పుడన్న పని ఇస్తరా?"

ఆ వేళ్లు నీళ్లలో నానిపోయి పాలిపోయి ఉన్నాయి. నేను తలెత్తలేకపోయాను.

"తప్పు నాది ఖాలా. ఆ జిడ్డు నా తలనూనె."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"గీ మాట నాకు చెప్తవేంది? సారు ముంగట అన్నవు. సారుకే చెప్పు."

అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "సార్, మూడు తీగలూ నేనే పాడుచేశాను. షౌకత్ బీ తప్పేం లేదు."

"ఆవిడకి ఫోనివ్వమ్మా. నేను క్షమించమని అడగాలి," అన్నారు సారు.

షౌకత్ బీ మగ్గం ముందు కూర్చుని సూది అందుకుంది.

"చేతులు ఖాలీ లెవ్వని చెప్పు. మాట్లాడాల్నంటే గీడికే రమ్మను."

సారుకు వినబడే ఉంటుంది. అయినా ఆమె నా వైపు చూస్తూనే ఉంది. చెప్పాను.