పాజ్‌లో ఉన్న విమానం

ఒకప్పుడు సాలూరు సినిమా హాలు పక్కన, రూపాయి బిళ్ల వేస్తే ఆడే నిలువెత్తు మిషన్‌లో విమానాల ఆట ఉండేది. లోకమంతా సెల్‌ఫోన్లు నొక్కుకుంటుంటే, ప్రమోద్ ఏళ్ల తరబడి కూర్చుని ఆ ఆటను తమ చిన్ననాటి వీడియో గేమ్ డబ్బాలో ఆడేలా తిరగరాశాడు. మొదట ఆడింది అన్న హరిబాబే. మధ్యలో లారీకి లోడు వచ్చిందని పిలుపొస్తే పాజ్ నొక్కి లేచాడు.

"ఒరే, ఆపీకు, అలాగుండనీ. రాయగడ ఎల్లొచ్చి మిగతాది ఆడతాను."

ఆ పాత డబ్బా దేన్నీ దాచుకోదు. కరెంటు తీస్తే అంతా మొదటికే.

మర్నాడు ఘాట్ రోడ్డు లోయలోంచి తీసిన హరిబాబును వాకిట్లో దించారు. లోపల టీవీలో అతని విమానం ఇంకా గాల్లోనే ఉంది.

"సావింట్లో టీవీ ఏటర్రా! ఎవులేసినారు?" అంటూ మేనత్త భాగ్యవతి లోపలికెళ్లి ప్లగ్గు పీకేసింది. ఆవిడను అనడానికేముంది, ఏ చావింట్లోనైనా ఎవరో ఒకరు చేసే పనే అది.

"అత్తా!" అని ప్రమోద్ అరిచిన అరుపుకి వాకిట్లో ఏడుపులు ఆగిపోయాయి. పరుగెత్తి ప్లగ్గు మళ్లీ గుచ్చాడు. తెర వెలిగింది. తాను రాసిన ప్రశ్నే తనను అడిగింది: ఆడేది ఒక్కరా, ఇద్దరా?