బండి గొలుసు కట్టిన గడ్డిమిషన్

గడ్డి కోసే మిషన్‌కు ఉన్న నైలాన్ తీగ ముళ్లకంపకు తెగిపోతోందని, దాని బదులు మోటార్‌సైకిల్ గొలుసు ముక్కలు అతికించాడు వెల్డర్. గడ్డి ఇరుక్కుంటోందని కాళ్లకు అడ్డుండే రేకునూ పీకేశాడు. అలాంటివి రెండు చేశాడు. ఒకటి పొద్దున్నే బావమరిది భుజాన తగిలించుకుని మిల్లు వెనక ఖాళీ స్థలానికి పోయాడు. రెండోది షాపు పెరట్లో ఇప్పుడే స్టార్టయింది.

కుట్టుమిషన్ ఆపి కిటికీలోంచి అరిచింది భార్య. "ఆ రేకు పెట్టి తిప్పు!"

"నీ జాకెట్లకు నేనెప్పుడన్నా కొలతలు చెప్పానా?"

మాట నోట్లో ఉండగానే టప్‌మంది. ఊడిన లింకు ప్యాంటునూ తొడనూ చీల్చుకుంటూ ఎముక దాకా దిగింది. గోడ మీదికి రక్తం చిమ్మింది. ఆమె చేతిలో ఉన్న గుడ్డతోనే పరిగెత్తుకొచ్చి, పళ్లు బిగబట్టి గాయానికి పైన ముడేసింది. పక్కనున్న లేత్ షాపతను ఆటో తెచ్చాడు.

వెల్డర్ ఆమె మణికట్టు వదల్లేదు. "నీ తమ్ముడు... వాడిదీ ఈ గొలుసు ముక్కే."

ఆమె ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. ఆ ఇంజిన్ రొదలో వాడికేం వినపడుతుంది?

మొగుణ్ణి లేత్ అతనికి అప్పగించి పరుగు తీసింది.

నడుమెత్తు కంపలో తమ్ముడు అటు తిరిగి కోస్తున్నాడు. రాళ్లు జల్లుమని లేస్తున్నాయి. గొంతు చిరిగేలా పిలిచింది. పలకలేదు. దగ్గరికి పోలేక, ఇటుక ముక్క తీసి వీపు మీదికి విసిరింది. వాడు "ఎవడ్రా!" అంటూ మిషన్‌తో సహా గిర్రున తిరిగాడు. గొలుసు రాయిని కొట్టింది. ఆ రాయొచ్చి ఆమె దవడకు తగిలింది.

వాడు స్విచ్ నొక్కేసి, మిషన్ పారేసి వచ్చేసరికి ఆమె అరచేతిలోకి పన్ను ఉమ్ముతోంది.

"బుద్ధుందా అక్కా? వెనక నుంచి కొడతావా? చచ్చుండేదానివి!"

ఆమె వాడి ప్యాంటు పైనుంచే తొడలూ మోకాళ్లూ పిక్కలూ గట్టిగా తడిమింది. చేతి రక్తమంతా వాడికి అంటింది.

"ఏం చేస్తున్నావే? ఏమైంది?"

"మీ బావ తొడ తెగింది. నీకు రెండు కాళ్లూ ఉన్నాయిగా?" నోరు తిరగడం లేదామెకు. "పద, ఆస్పత్రికి. ఆయన్ని మొయ్యాలి."

వాడు మిషన్ తీసుకోబోయాడు.

ఆమె వాడి చెంప పగలగొట్టింది.