మూడోసారి పొంగిన లెట్రిన్

నెల తిరక్కముందే మూడోసారి లెట్రిన్ పొంగింది. పొద్దున్నే తలుపు తీసిన కరుణశ్రీ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని వెనక్కి పరిగెత్తింది. బేసిన్ అంచుదాకా పసుపుపచ్చటి మురికి నీళ్ళు, వాటి మీద తేలేవి తేలుతున్నాయి. ఆ నీళ్ళే గడప దాటి తన చెప్పుల కిందికి వచ్చాయి. కాళ్ళు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ తడి పోయినట్టనిపించలేదు. ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టేసింది.

తిరువూరులో ఆ ఇంటికి రెండు వాటాలు, పెరట్లో ఒకటే లెట్రిన్. ముందు వాటాలో ఇంటాయన బసవపున్నయ్య, ఆయన తల్లి పిచ్చమ్మ. వెనక వాటాలో కరుణశ్రీ, ఆమె తల్లి జ్ఞానమణి. ఎ.కొండూరు పక్క పల్లెలో పది పాసై ఇంటర్‌కి వచ్చిన పిల్ల కరుణశ్రీ. నలుగురిలో నోరు విప్పదు. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

బసవపున్నయ్య పిల్ల వైపు చూడకుండా జ్ఞానమణితో అన్నాడు. "ఇదివరకు మాకు ఈ గోల లేదమ్మా. వయసొచ్చిన పిల్ల ఉంది మీకు. ఈసారి అందులోంచి అలాంటివేమన్నా బయటికొస్తే మీరు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

అలాంటివంటే ఏమిటో అందరికీ తెలుసు. కరుణశ్రీ వాటిని పాత పేపర్లో చుట్టి, పొద్దున వచ్చే చెత్త బండిలో తనే వేసి వస్తుంది. ఆ మాట మగవాళ్ళ ముందు ఎలా చెప్పాలి? తల వంచుకుని నిలబడింది. అరుగు మీద పిచ్చమ్మ కూడా తల వంచుకునే ఉంది.

ప్లంబరు అంకారావు వచ్చాడు. పొంగగానే రెండు సీసాల యాసిడ్ పోశామని బసవపున్నయ్య అంటే నవ్వాడు. యాసిడ్‌కి పైన మరకలు పోతాయి గాని లోపల ఇరుక్కున్నవి కరగవన్నాడు. ప్యాడ్లు, గుడ్డపీలికలు, షాంపూ ప్యాకెట్లు, ఏవి వేసినా ఇంతేననీ, చెంబెడు నీళ్ళతో సరిపెట్టకుండా బకెట్ నీళ్ళు కుమ్మరించాలనీ చెబుతూనే స్ప్రింగు తీగ లోపలికి తోశాడు.

గుడగుడమని కంపు పైకి తన్నింది. జ్ఞానమణి పక్కకి తిరిగి డోకింది. తీగ కొసకి చచ్చిన ఎలకంత ఉండ వేలాడుతూ వచ్చింది, జిగురు కారుతూ, మధ్యలో వేపపుల్లలు గుచ్చుకుని. అంకారావు పైపు పెట్టి కడిగాడు.

వెంట్రుకలు. మొదళ్ళు తెల్లగా, కొసలు గోరింటాకు ఎరుపు. కరుణశ్రీ జడ నల్లగా నిగనిగలాడుతోంది.

బసవపున్నయ్య తన తల్లి ముడికేసి చూశాడు, అదీ గోరింటాకు ఎరుపే.

"దువ్వితే ఊడిన జుట్టు బయట పారేస్తే ఎవడన్నా తీసుకెళ్ళి చేతబడి చేస్తాడు కదరా," అంది పిచ్చమ్మ, వినీవినపడనట్టు. "అందులో వేస్తే ఎవడి చేతికీ దొరకవనుకున్నా."

కరుణశ్రీ తలెత్తి నోరు విప్పింది.

"మామ్మగారూ, నావి నేను పేపర్లో చుట్టి చెత్త బండిలో వేస్తాను. రోజూ మీ జుట్టు కూడా చుట్టివ్వండి. ఊరందరి చెత్తలో కలిసిపోతే, మీవేవో ఎవడికి తెలుస్తుంది?"

ఇల్లు ఖాళీ మాట బసవపున్నయ్య మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున వెనక వాటా గడప మీద చిన్న పేపరు పొట్లం ఉంది, కొబ్బరినూనె మరకలతో. కరుణశ్రీ మొహం చిట్లించుకుని, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని బండి దగ్గరికి నడిచింది.