ఎడమవైపు కుర్చీ

దయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్ళుమంట. అందులోనూ సొంత అక్కే దయ్యమై పక్క కుర్చీలో కూర్చుంటే ఎవరి మీద అరవాలి? పోనీ రాత్రిపూట వచ్చి భయపెట్టిందా అంటే అదీ లేదు. పట్టపగలు, ట్యూబులైట్ల వెలుగులో, కెమిస్ట్రీ క్లాసుకి వచ్చింది.

నేను ఈ పరాయి దేశం వచ్చి యూనివర్సిటీలో చేరి అప్పటికి ఇంకా వారం కాలేదు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, మొదటి వారమంతా ఏ క్లాసులోనైనా కూర్చుని చూడొచ్చు, చెప్పుల కొట్లో అన్నీ తొడిగి చూసినట్టు. నచ్చినవి కంప్యూటర్లో నమోదు చేసుకోవాలి. బయటి దేశాల వాళ్ళకి మొదటి టర్ములో నాలుగే సబ్జెక్టులు. తగ్గితే వీసాకి ముప్పు, ఎక్కువ కావాలంటే ఒప్పుకోరు. శుక్రవారం సాయంత్రంతో గడువు సరి.

నాకు తొడిగి చూసే అవసరమే లేదు. ఏం చదవాలో ఎప్పుడో తేలిపోయింది. ఈ యూనివర్సిటీ అక్క కలలు కన్నది. డాక్టరు చదువుకి పునాది వేసే సబ్జెక్టులన్నీ వరసగా అనుకుని పెట్టుకుంది. పెట్టె కూడా సర్దుకున్నాక జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో సెలైన్ పెట్టబోతున్న నర్సుతో, "ఎడమచేతికి వద్దు సిస్టర్, రాసుకోవాలి" అంది. అక్కది ఎడమచేతి వాటం. ఆ తర్వాత అది ఇంటికే రాలేదు. మరుసటి ఏడాది అదే యూనివర్సిటీకి నేను దరఖాస్తు పెట్టాను. పెట్టమని అమ్మా అనలేదు, నాన్నా అనలేదు. ఎవరో ఒకరం వెళ్ళాలన్నట్టు అయిపోయింది, అంతే.

చిన్నప్పుడు ట్యూషన్‌లో మాది ఒకే బెంచీ. అక్క ఎడమపక్క, నేను కుడిపక్క. అటూ ఇటూ అయితే రాసేటప్పుడు మోచేతులు కొట్టుకునేవి. నేను పాఠం వదిలేసి దాని మొహం చూస్తుంటే, నోరు మెదపకుండా గడ్డంతో బోర్డు వైపు ఒక్క విసురు విసిరేది. నన్ను చూస్తావేంటే, అటు చూడు అని దాని అర్థం.

ఆ అలవాటు కొద్దీ కెమిస్ట్రీ క్లాసులో నా ఎడమపక్క కుర్చీలో బ్యాగు పెట్టాను. పాఠం మొదలైంది. ఆ కుర్చీకి ఉన్న రాతపలక దానంతట అదే కిందికి వాలింది. చూస్తే బ్యాగు నా ఒళ్ళో ఉంది, కుర్చీలో అక్క ఉంది. జుట్టు తడిగా ఉంది. కుడిచేతి మీద సూదికి వేసిన తెల్ల ప్లాస్టరు అలాగే ఉంది. బోర్డుని మింగేసేలా చూస్తోంది.

నిజానికి కెవ్వున కేక పెట్టాలి. నేను ఏడ్చాను, సంతోషంతో. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది పోయాక అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

బయాలజీకీ వచ్చింది. ఫిజిక్సుకీ, లెక్కలకీ వచ్చింది. పలకరిస్తే ఉలుకూ పలుకూ లేదు, నా వైపు కన్నెత్తి చూడటం లేదు. అయినా నాకు చాలు. క్లాసంతా దాని చెవి పక్క జుట్టు చూస్తూ కూర్చునేదాన్ని. బెల్లు మోగగానే కుర్చీ ఖాళీ. పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

నా గదిలో ఉండే అమ్మాయికి నేను రేడియో అని పేరు పెట్టాను. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడగలదు.

"ఏంటి తల్లీ, క్లాసులో ఖాళీ కుర్చీతో కబుర్లంట? పక్కన మనుషులుండగా ఆ కుర్చీ ఏం పాపం చేసింది?" అంది.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

"నా పనే చూసుకుంటున్నా. మట్టి క్లాసని ఒకటుందట. తోడు రా. ఒక్కదాన్నే వెళ్తే నిద్రపోతాను."

అదీ కెమిస్ట్రీ వేళలోనే. రోజంతా చెవిలో జోరీగలా వదలకపోతే తల ప్రాణం తోకకొచ్చి, ఆ ఒక్కసారికి వెళ్ళాను. నేలల గురించిన క్లాసు అది. టీచరు రకరకాల మట్టి పళ్ళేల్లో తెచ్చి అందరికీ పంచాడు. కొంచెం తడిపి, ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా ముందుకి నెట్టమన్నాడు. ఇసక మట్టి వెంటనే విరిగిపోతుంది. బంకమట్టి రిబ్బనులా సాగుతుంది. ఎంత సాగితే అంత బంక ఉన్నట్టు. నాది చూపుడువేలు దాటి కిందికి వేలాడింది. "ఇంతకుముందు చేశావా?" అని టీచరు అడిగాడు. పకపకా నవ్వాను. ఆ మట్టిని మళ్ళీ ముద్ద చేశాను, ఇంకో పళ్ళెం అందుకున్నాను, తర్వాత ఇంకోటి.

క్లాసయ్యాక కుళాయి కింద చేతులు పెట్టినప్పుడు చప్పున గుర్తొచ్చింది. ఈ క్లాసుకి అక్క రాలేదు. ఎందుకొస్తుంది? దానికి మట్టంటే గిట్టదు. కాలికి చెమ్మ మట్టి అంటితే రెండోసారి స్నానం చేసేది. నేను మట్టిలో ఆడుకుని వస్తే చెవి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి కడిగేది. రాకపోవడం కాదు నన్ను చంపింది. ఆ క్లాసున్నంతసేపూ అక్క నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. కుళాయి కట్టేయకుండానే వచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం సబ్జెక్టులు ఖాయం చేసే మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుకుతోంది.

"నాలుగూ ఎంచుకున్నావుగా, మరి మొహం అలా వేలాడేశావేం?"

"మట్టి క్లాసు కూడా కావాలి మేడమ్."

"అదీ, కెమిస్ట్రీ కూడా ఒకే వేళకి. రెండిట్లో ఒకటే. కెమిస్ట్రీలో ఇప్పటిదాకా ఏం చెప్పారు?"

నోటుపుస్తకం తెరిచి చూశాను, తేదీ తప్ప ఏమీ లేదు.

"సరే, మట్టిలో?"

నేను మొదలుపెట్టాను. ఇసక గురించి, బంక గురించి, తడి ఎక్కువైతే ఏమవుతుందో దాని గురించి. ఆవిడ వెతకడం మానేసి వింది.

"చూడమ్మా, కెమిస్ట్రీ వదిలితే బయాలజీ కూడా ఇవ్వరు. వచ్చే టర్ముకి మిగతావీ పోతాయి. డాక్టరు చదువు సంగతి ఇక మర్చిపోవాలి. ఐదింటిలోపు తేల్చుకో" అంది.

అంటే అక్క వచ్చే క్లాసులన్నీ ఒకదాని వెంట ఒకటి పోతాయి. అక్క పోతుంది. ఈసారి పంపించేది నేను.

వరండాలో నిలబడి అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, అక్క అనుకున్న సబ్జెక్టులు నేను వదిలేస్తే ఏమంటావు?"

అమ్మ గొంతు తగ్గించి, "అది నీకు కనిపిస్తోందా?" అంది.

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"ఇక్కడ నాకు రోజూ కనిపించేది. వంటింటి గడప మీద కూర్చునేది. నువ్వు విమానం ఎక్కిన రోజునుంచి రావట్లేదు. నీ వెంట వచ్చేసిందేమో అనుకున్నా. మీరిద్దరూ ఒకచోట ఉన్నారనే నాకు కాస్త కన్ను మూతపడుతోంది. జాగ్రత్తగా చూసుకోవే దాన్ని."

"సరేలే అమ్మా" అని పెట్టేశాను. ఇంకేమనాలి?

అప్పుడు మండింది ఒళ్ళు. చచ్చిపోయినదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలట. బతికున్నదాన్ని ఎవరు చూసుకోవాలి? ఎవరి మీద కోపమో తెలియకుండా గోడని తన్నాను, కాలు నొప్పెట్టింది. కుంటుకుంటూ కంప్యూటర్ల గదికి వెళ్ళాను. కెమిస్ట్రీ పక్కన తీసివేయి అనే చోట వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. "క్షమించవే అక్కా" అని పైకే అన్నాను. అవతలి కుర్చీ అబ్బాయి తలెత్తి చూశాడు. నొక్కేశాను. దాంతోపాటే బయాలజీ కూడా మాయమైంది. మట్టి క్లాసు చేర్చాను, ఖాళీ అయిన చోట మొక్కల గురించిన క్లాసొకటి పెట్టాను. గది దాకా ఏడుస్తూనే నడిచాను.

సోమవారం ఫిజిక్సుకి వెళ్తే ఎడమపక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. లెక్కల క్లాసులోనూ అంతే. ఆ రోజు అమ్మ ఫోన్ చేసి, "అది బాగుందా?" అని అడిగింది. "బాగుందమ్మా" అన్నాను.

మంగళవారం మట్టి క్లాసు. గది కిటకిటలాడుతోంది. రాదని తెలిసి కూడా ఎడమపక్క బ్యాగు పెట్టాను. పాఠం మొదలయ్యాక రేడియో రొప్పుతూ వచ్చింది. ఎక్కడా చోటు లేదు. నా బ్యాగు మీద చెయ్యేసి, "ఎవరైనా వస్తారా ఇక్కడికి?" అంది.

రేడియో నా మొహం చూసి, అలవాటు లేని పని, నోరు మూసుకుని నిలబడింది.

"ఎవరూ రారు. కూర్చో" అన్నాను. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

రేడియో కూర్చుంది. అప్పుడు తలుపు దగ్గర అక్క కనిపించింది.

అదే తడి జుట్టు, అదే ప్లాస్టరు. నేల మీద పడిన మట్టి పెళ్ళలు అంటకుండా బట్టలు పైకెత్తి పట్టుకుని, పాదాలు ముడుచుకుని నిలబడింది. మట్టంటే గిట్టనిది, నాకోసం మట్టి క్లాసుకి వచ్చింది. తన కుర్చీ వైపు చూసింది. అందులో రేడియో పెన్ను వెతుక్కుంటోంది. నేను సగం లేచాను.

"ఏమైందే?" అని రేడియో నా చెయ్యి పట్టుకుంది.

అక్క మొదటిసారి నన్ను చూసింది. చూసి, గడ్డంతో బోర్డు వైపు ఒక్క విసురు విసిరింది.

కూర్చున్నాను. మళ్ళీ తలుపు వైపు చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు. బోర్డు మీద అక్షరాలన్నీ అలుక్కుపోయి కనబడుతున్నాయి. అయినా రాసుకున్నాను.