అతుకు కనబడని పోర్టికో

టీ పల్చగా ఉందని మేస్త్రి మొహం చిట్లించాడు. తాగడానికైతే ఫరవాలేదు. గోడకే పనికిరాదు.

"అమ్మా, ఇంకాస్త పొడేసి మరిగించండి. ఇది గోడకెక్కదు" అంటూ వంటింటి కిటికీలోంచి గిన్నె వెనక్కి అందించాడు.

పని చివరికొచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పూటకు రెండు టీలు కాస్తున్నారు. ఒకటి మేస్త్రి తాగితే రెండోది గోడ తాగుతోంది. చిక్కటి డికాషను సున్నపు నీళ్ళలో కలిపి, గుడ్డముక్కతో అద్ది, ఆరాక తడిచేత్తో తుడిచి మళ్ళీ అద్దితే, మొన్న పుట్టిన గోడకు వాళ్ళ తాత వయసు వచ్చేస్తుంది.

"మరిగించిన టీ పోసి పెంచుతున్నావు. రేపు బిస్కెట్టు కూడా అడుగుతుంది చూడు" అంది మేస్త్రి భార్య. పెళ్ళయినప్పటి నుంచి ఆయనకు సున్నమూ ఇసకా అందించేది ఆవిడే. మాటలు అందించేదీ ఆవిడే.

"అడిగితే నీ వాటా ఇచ్చేస్తాలే" అన్నాడాయన.

పొట్టి మనిషి. తాపీ పట్టీ పట్టీ కుడిభుజం ఎడమదానికి అన్నలా బలిసింది. వేళ్ళ కొసలు సున్నం తిని ఎంత నునుపెక్కాయంటే, బ్యాంకులో వేలిముద్ర వేయమంటే కాగితం మీద సిరా చుక్క తప్ప గీత పడదు. తల నెరిసిందో సున్నం పట్టిందో కట్టుకున్నదానికే తెలియదు.

అందరూ ఆయన్ని అతుకుల మేస్త్రి అంటారు. జన్మలో ఒక్క ఇల్లు కూడా పునాది నుంచి కట్టలేదు. ఒకరి ఇంటికి స్నానాలగది, ఒకరికి మేడమెట్లు, ఇంకొకరికి కొత్తకోడలు వస్తోందని హడావిడిగా ఒక గది. అలాంటి ఒక గదిని పాత ఇంట్లో ఎంతలా కలిపేశాడంటే, ఊరినుంచి తిరిగొచ్చిన ఇంటి యజమాని ఇల్లంతా మూడుచుట్లు తిరిగి, గది దొరక్క, హాల్లో పడుకుని, తెల్లారి మేస్త్రి మీదికి పోట్లాటకు వెళ్ళాడు. ఇది కోతలని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరూ ఆ గదిని వెతికి చూసినవాళ్ళు కారు.

వడ్రంగి తలుపు మీద పువ్వు చెక్కితే చూసినవాళ్ళు ఆహా అంటారు. అతుకు పని అలా కాదు. చూసినవాళ్ళు ఆహా అన్నారంటే అతుకు బయటపడ్డట్టే. ఎవరూ ఏమీ అనకపోతేనే గెలుపు. అందుకే ఇన్నేళ్ళలో మేస్త్రికి మెచ్చుకోలు అన్నది చెవిన పడలేదు. పడకూడదనే ఆయన కష్టపడుతూ వచ్చాడు. పడితే బాగుండునని లోపల్లోపల ఉండేది, అది వేరే సంగతి.

ఈ ఇంటాయన తపాలా ఆఫీసు ఉద్యోగి. ఆరునూరైనా కారు కొంటానని, కొనేశాడు. అది వీధిలో ఎండకు ఎండి అప్పడంలా ఉబ్బడం మొదలుపెట్టాక పోర్టికో కట్టిద్దామన్నాడు. ఆ మాట ఫోనులో అక్కగారి చెవిన పడింది. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే.

"నాన్న కట్టిన ఇంటి మొహాన రేకు తగిలిస్తావట్రా? తగిలించు. నీ గడప తొక్కితే అడుగు!" అని ఫోను పెట్టేసింది. అన్నట్టే మళ్ళీ రాలేదు. తమ్ముడికి అన్నం సయించడం మానేసింది.

మేస్త్రి వచ్చి ఇంటి చుట్టూ తిరిగాడు. ఎర్రపెంకుల కప్పు, ముందు వరండా, దానికొక కమాను. "రేకులొద్దు బాబూ. ఈ వరండాకి తోడబుట్టినదాన్ని నిలబెడదాం. మీ అక్కగారు కొత్తదని కనిపెట్టారో, నా చేత్తోనే పడగొట్టేస్తాను" అన్నాడు.

పడగొట్టేస్తాననేశాడు గానీ, ఆ రోజునుంచి ఆయనకూ అన్నం సరిగా దిగలేదు.

పెంకులు కూల్చిన ఇళ్ళలోంచి ఏరుకొచ్చాడు. చిక్కు కమాను దగ్గర వచ్చింది. పాత కమాను కట్టిన మేస్త్రెవరో, ఎడమ భుజం బొటనవేలంత కిందికి దించేశాడు. కొత్తది నిటారుగా లేస్తుందని ఇంటాయన చూస్తుంటే, మేస్త్రి దీనికీ ఎడమ భుజం దించాడు.

"అదేంటయ్యా, వంకరగా వస్తోంది!"

"అన్న వంకరగా ఉంటే తమ్ముడు విరుచుకుని నిలబడితే మర్యాదా బాబూ?"

సరిగ్గా కట్టడం వచ్చిన చేతికి సరిగ్గా తప్పు కట్టడం ఎంత కష్టమో! మూడుసార్లు ఆ చెయ్యి తనంతట తనే తిన్నగా కట్టేసింది. మూడుసార్లూ విప్పి వంకర చేశాడు.

ఇవాళ సాయంత్రం అక్కగారు వస్తున్నారు. "నువ్వేం తగిలించావో ఒక్కసారి చూసి, వీధిలోంచే వెళ్ళిపోతా" అని కబురు. మధ్యాహ్నానికి మేస్త్రి ఆఖరి పూత తుడిచాడు. పాత వరండాలో ఉండే బల్లి ఒకటి నింపాదిగా కొత్త కమాను మీదికి నడిచొచ్చి, పుట్టిల్లే అన్నట్టు కాళ్ళు చాపుకుంది.

"చూశావటే, దానికి తెలియలేదు" అన్నాడు మేస్త్రి.

"బల్లికి తెలియకపోతే సరా? వచ్చేది ఆడపడుచు!" అంది భార్య.

ఎండ తగ్గాక ఆటో వచ్చి ఆగింది. అక్కగారు దిగారు. మనిషి సన్నం, చూపు సూది. గేటు దగ్గరే నిలబడి, కప్పు చూశారు, గోడ చూశారు, కమాను చూశారు. మేస్త్రి సున్నపు బక్కెట్టు పట్టుకుని పక్కకి జరిగాడు.

"ఏరా, కట్టలేదా?" అన్నారావిడ.

"అదీ... అక్కా..."

"మంచిపని చేశావు! ఇంత చోటు పెట్టుకుని కారుని వీధిలో మాడుస్తావేంట్రా, ఈ కమాను కింద పెట్టుకోక? ఉన్నది చాలదూ?" అంటూ చరచరా లోపలికి వచ్చేశారు. కొత్త స్తంభం మీద చెయ్యేసి నిమిరారు. "వెర్రివెధవా, నీకు గుర్తుందా? దాగుడుమూతల్లో పరిగెత్తి ఈ స్తంభానికే కొట్టుకున్నావు. కోడిగుడ్డంత బొప్పి! నాన్న నన్ను తిట్టారు."

ఇంటాయన చెయ్యి తెలియకుండానే నుదుటి మీదికి పోయింది. "అవునక్కా, ఇంకా నొప్పిగానే ఉంది" అన్నాడు.

మేస్త్రి భార్య కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆవిడ వీపు ఎగిరెగిరి పడుతోంది.

"ఈయనెవరు?"

"మేస్త్రిగారక్కా. చిన్న మరమ్మతు..."

"ఏం చేశావయ్యా? ఏమీ చేసినట్టు కనబడదే!"

ఎన్నో ఏళ్ళుగా రావలసిన మెచ్చుకోలు అంతా ఆ ఒక్క మాటలో వచ్చి మేస్త్రి చెవిలో పడింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండాయి, సున్నం పడిందేమో అన్నట్టు తుడుచుకున్నాడు.

"ఏమీ చేయలేదమ్మా" అన్నాడు.

అందరూ కలిసి టీ తాగారు. ఈసారి మొత్తం మనుషులే తాగారు. మేస్త్రీ భార్యా వెళ్ళబోతుంటే మబ్బు పట్టింది. "పెద్దాయన్ని తడిసిపోనిస్తావా? కారులో దింపిరా. సైకిలు ఇక్కడ పెట్టనీ, రేపొచ్చి తీసుకుంటాడు" అన్నారు అక్కగారు. మేస్త్రి సైకిలు నడిపించుకొచ్చి కమాను కింద స్టాండు వేసి, భార్యను కారు వెనకసీట్లో ఎక్కించి, తను ముందుసీట్లో కూర్చున్నాడు. కారు మలుపు తిరిగేదాకా మెడ వెనక్కి తిప్పుకుని చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచీ మేస్త్రి తన వాడకట్టులో కనబడ్డవాడికల్లా బొప్పి కథ చెప్పాడు. చెప్పినప్పుడల్లా బొప్పి పెరిగింది. సాయంత్రానికి అది కొబ్బరికాయంత అయింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని, "ఉండండ్రా, కాస్త నడుం వాల్చి మిగతాది చెబుతా" అని అరుగు మీద పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయిందని చూసినవాళ్ళందరూ అన్నారు.

కర్మకాండలయ్యాక ఇంటాయన వెళ్ళి, సైకిలు తెచ్చిమ్మంటావా అని అడిగాడు.

"ఉండనివ్వండి బాబూ. తొక్కేవాళ్ళెవరున్నారు? ఆయన పెట్టిన చోట బాగానే ఉంటుంది" అంది మేస్త్రి భార్య.

కారు ఇప్పటికీ వీధిలోనే ఎండుతోంది. కమాను కింద, దించిన ఎడమ భుజం నీడలో, ముందుచక్రం కాస్త పక్కకి తిప్పుకుని, హ్యాండిలుకి సున్నపు మరకల సంచీతో ఆ సైకిలు నిలబడి ఉంది.