పక్క విస్తరి

పీచ్ చెట్ల మధ్య నడుస్తున్నాను, కాళ్ల కింద మాత్రం కోరంగి ఏటి బురద, అమెరికాలో మా కోరంగి బురదేమిట్రా భగవంతుడా అనుకుంటూనే కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడుస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా ఆ రేకుల షెడ్డులో పోలయ్య తాత ఉన్నాడని నాకు తెలుసు. తాత అంటున్నానే గానీ మనిషికి పాతికేళ్లు కూడా లేవు. మా తాతమ్మ నూకరత్నానికి మొదటి మొగుడు. ఓడ మీద కళాసీగా వెళ్లి, ఆ దేశంలో దిగిపోయి, ఈ తోటలో పళ్లు కోసుకుంటూ చచ్చిపోయేడు.

షెడ్డు దగ్గర్లోనే కనిపిస్తోంది, ఎంత నడిచినా రాదు, కలలో కూడా నాకు తిన్నగా దారి దొరకదు, విసుగొచ్చి ఆగిపోతే అప్పటికే లోపల ఉన్నాను. ఆయన గోడకి వీపు ఆనించి మంచం మీద కూర్చున్నాడు.

"ఎవరివమ్మా?"

"సత్యవేణిని తాతా. నీ రత్నానికి మునిమనవరాల్ని."

"మాకు పిల్లల్లేరే!"

"నీకు కాదు. వీర్రాజుకి."

ఆ పేరు వినగానే పక్క మంచం వైపు చూస్తాడు. దాని మీద ఎవరూ లేరు.

వీర్రాజు ఈయన జతగాడు. ఇద్దరూ ఒకే ఓడ ఎక్కేరు, ఒక్కడే తిరిగొచ్చేడు. పోలయ్య జ్వరంతో పోయేడని తాతమ్మ ముందు నేలకి తల బాదుకుని ఏడ్చి, ఏడాది తిరక్కుండా ఆవిణ్ణి మారుమనువు చేసుకున్నాడు. మేమందరం ఆ మనువు సంతానం. స్నేహితుడి పెళ్లాన్ని దిక్కులేనిదాన్ని చెయ్యని మహానుభావుడని మా అమ్మ ఈనాటికీ చెప్పుకుని మురిసిపోతుంది. జ్వరం కాదూ పాడూ కాదు, నిద్రలో ఉండగా పారతో నెత్తి పగలగొట్టేరని పోయినేడు నిజంగానే ఈ ఊరు వచ్చినప్పుడు తెలుసుకున్నాను. ఇక్కడి పాత సామాన్ల మ్యూజియంలో ఒక ముసలావిడ చెప్పింది, పక్క మంచం వాడే చంపేడని ఊళ్లో అనుకునేవారట, తెల్లారేసరికి వాడు లేడట. అదే నోటితో ఇంకో మాట కూడా అంది. ఊళ్లో తెల్లవాళ్లు ఈ కూలీల్ని చంపైనా తరిమేస్తామని అంతకుముందే బెదిరించేరట. అంటే మా ముత్తాత చంపి పారిపోయేడో, చావు తప్పించుకుని పారిపోయేడో! ఏడాదిగా నాకు అన్నం సయించడం లేదు.

"తాతా, ఒక్క మాట అడగడానికే వచ్చేను. నిన్ను కొట్టిందెవరు?"

"నన్నడుగుతావేంటే? నేను నిద్రపోతున్నాను కదా. చదువుకున్నదానివి, సముద్రాలు దాటి వెతుక్కుంటూ వచ్చేవు, నువ్వే చెప్తావని కూర్చున్నాను."

ఒళ్లు మండిపోతుంది నాకు. చచ్చినవాడికే తెలియకపోతే ఇంకెవర్ని పట్టుకుని అడగను?

"ఏదో ఒకటి గుర్తుండాలి కదా! అడుగుల చప్పుడో, వాసనో."

"పళ్ల వాసన వచ్చింది. ఈ తోటలో ఎవరి దగ్గరైనా అదే వాసన."

అంటుండగానే రేకుల గోడ జరిగిపోయి మా ఇంటి వసారా అవుతుంది, మంచాలు రెండూ విస్తళ్లవుతాయి, నాకేమీ వింతగా లేదు, ఎందుకంటే ఏటా పెద్దల అమావాస్యకి వీళ్లిద్దరికీ మేము అక్కడే పక్కపక్కన విస్తళ్లు వేసి గారెలూ చేపల పులుసూ వడ్డిస్తాం, జతగాళ్లు కలిసి తింటారని తాతమ్మ పెట్టిన ఆనవాయితీ.

"ఏటా పక్కనే కూర్చుంటారు కదా, ఆయన్నే అడగలేకపోయేవా?"

"అడగలేదనుకున్నావా? ఏటా అడుగుతాను. వాడు తలెత్తడు. మెతుకు మెతుకూ ఏరుకుని తింటాడు, లేచిపోతాడు."

"తప్పు చేసేడు గనకేనా?"

"నన్నొదిలేసి పరిగెత్తినవాడైనా తలెత్తలేడమ్మా."

ఇంక అడగడానికి ఏముంది? ఏడుపు తన్నుకొస్తుంది, బురద మోకాళ్ల దాకా వచ్చేసింది, అమ్మకి చెప్పెయ్యనా తాతా అంటాను, చెప్పి ఏం చేస్తావే అంటాడు, రత్నం లేచొస్తుందా, నా నెత్తి అతుక్కుంటుందా అంటాడు.

"నాకొక్కటి చేసిపెట్టు. ఈసారి నా విస్తరి కాస్త ఎడంగా వెయ్యి. వాడి మోచెయ్యి తగుల్తుంటే నాకు ముద్ద దిగడం లేదు."

"అలాగే తాతా," అంటాను. తాత వెళ్లడానికి లేచి, మొదటిసారి నాకు వీపు తిప్పుతాడు. ఆ తల వెనకవైపు చూడలేక కళ్లు గట్టిగా మూసుకుంటాను.

తెరిచేసరికి మా ఇల్లు. బారెడు పొద్దెక్కింది. ఆ రోజే అమావాస్య. ఎనభై దాటిన మా అమ్మ గోడ పట్టుకుని నడుస్తూ వంటంతా తనే చేసేసింది.

"లేచేవా మహాతల్లీ! విస్తళ్లెయ్యి," అంది.

గబగబా స్నానం చేసొచ్చి వసారాలో రెండు విస్తళ్లు వేసేను, మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఎడం ఉంచి. చెప్పెయ్యాలని నోరు కూడా తెరిచేను. అమ్మ పులుసు గిన్నె కింద పెట్టి, వంగలేక వంగి, పోలయ్య విస్తరి పట్టుకుని వీర్రాజు విస్తరికి ఆనుకునేలా లాగింది.

"అంత దూరమేంటే? పాపం, కబుర్లు చెప్పుకోవద్దూ?" అంది.