కడియం ట్రక్కులో మూడో సెన్సార్

నేను ఒక ఆక్సిజన్ సెన్సార్‌ని. బొటనవేలంత ఇనుప ముక్కని, వెనక నాలుగు వైర్లు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో రాజమండ్రి షాపుకొచ్చి, చివరికి కడియం నర్సరీల మొక్కలు మోసే పన్నెండేళ్ల పాత చిన్న ట్రక్కులో పొగగొట్టానికి చేరాను. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటర్ పెట్టెకి చెప్పడం నా పని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అదే నా ఖర్మ.

ఆ బండికి నేను మూడోదాన్ని. నాకు ముందున్న రెండూ ఒకటే మాట చెప్పాయి, ఆక్సిజన్ ఎక్కువుందని. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. బళ్లు బాగుచేసే జిలానీ మేస్త్రీ లోపం చూపే స్కానర్ మిషన్ పెడితే, సెన్సార్ పేరుతో కోడ్ వచ్చింది. ఇంకేం, సెన్సార్‌ని పీకి పారేశాడు. మళ్లీ వెలిగితే మళ్లీ పీకాడు. దొంగ పడ్డాడని అరిచినవాణ్ణే పట్టుకుని చావబాదినట్టుంది ఆయన వైద్యం.

అసలు సంగతి వినండి. ఇంజనుకీ నాకూ మధ్య గొట్టంలో వెంట్రుకంత పగులుంది. అందులోంచి బయటిగాలి లోపలికి దూరేది. అది చూసి నేను ఆక్సిజన్ ఎక్కువుందనేదాన్ని. పెట్టె నన్ను నమ్మి పెట్రోలు ఇంకాస్త పోసేది. దాంతో సరిగా కాలని విషపు పొగ పెరిగి, ఆ పగులులోంచే పైకి వచ్చేది. ఈ బండికి ఇంజను సీటు కిందే ఉంటుంది. సీటు మీద డ్రైవరు పోసిబాబు, పక్కన అతని భార్య భూలక్ష్మి. నేను నిజం చెప్పినకొద్దీ వాళ్లకి విషం ఎక్కువయ్యేది. ఇంతకన్నా దరిద్రపు బతుకు ఉంటుందా!

"మేస్త్రీ, దీపం మళ్లీ ఎలిగిందండి," అనేవాడు పోసిబాబు.

"కోడ్ కొట్టేశాను, ఎల్లు. మిషనే సెన్సారంటుంటే మధ్యలో నువ్వేంటయ్యా?"

గొట్టాన్ని ఒక్కసారి తడిమినా వేలికి మసి అంటేది. కానీ స్కానర్ కొన్నాక బండి కింద దూరడం ఆయనకి నామోషీ అయిపోయింది. చివరికి భూలక్ష్మే ఉపాయం కనిపెట్టింది. ఆ పసుపుకన్ను తననే చూస్తోందని విసుక్కుని, నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి దీపం మీద అంటించింది. అందరికీ హాయి!

"ఈ డబ్బాలో కూకుంటే తల పగిలిపోతందయ్యా. దిగ్గానే తగ్గిపోతంది," అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో.

"పొద్దున్నే ఏం తినకపోతే రాదేంటి మరి!" అని అతను నవ్వేవాడు. తలనొప్పి అతనికీ వచ్చేది. బామ్ రాసుకుని ఊరుకునేవాడు. వానాకాలం రాగానే మొక్కల వేళ్లకి చుట్టే గోనెపట్టాలు చింపి తలుపుల సందుల్లో కుక్కాడు, జల్లు కొట్టకుండా. విషం బయటికిపోయే దారి కూడా అలా మూసుకుపోయింది.

ఆ రోజు వైజాగ్ ప్రయాణం. భూలక్ష్మి ఎక్కనంది.

"నీకూ నీ బండికీ ఓ దణ్ణం. నేన్రాను!"

"రాకు. నాకే పెశాంతం!" అని తలుపు దభీమని వేసుకుని పోయాడు.

తుని దాటాక లారీ బోల్తాపడి రోడ్డంతా ఆగిపోయింది. జోరువాన. అద్దాలు పైకెత్తేశాడు. బ్యాటరీ నీరసంగా ఉంది, ఆపితే మళ్లీ అందుకోదేమోనని ఇంజను ఆపలేదు. కాసేపు కూనిరాగం తీశాడు. తర్వాత ఆవలింతలు. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను ఆక్సిజన్ ఎక్కువుందని చెబుతూనే ఉన్నాను, పెట్టె పెట్రోలు పోస్తూనే ఉంది. రెండు గంటల తర్వాత దారి వదిలాక వెనక బళ్లు హారన్లు కొట్టాయి.

గుండె ఆగిందన్నారు ఆసుపత్రిలో. ముఖం ఎర్రగా కళగా ఉందని, నిద్రలో పోయిన అదృష్టవంతుడని బండి వెనక్కి తెచ్చినవాళ్లు చెప్పుకున్నారు. ఆ ఎరుపు విషపు పొగ పూసింది. అదృష్టమట!

నెల తిరక్కుండా భూలక్ష్మి బండి అమ్మకానికి పెట్టింది. బొట్టు పీకి చూసి, దీపం ఆరితేనే కొంటానన్నాడు కొనేవాడు. ఆమె బండిని జిలానీ షెడ్డుకి తెప్పించింది. మర పట్టేసి నేను పక్కనుంచి ఊడి రాకపోతే, మేస్త్రీ తప్పక కిందికి దూరాడు. గొట్టానికి చెయ్యి తగిలింది. మసైన వేళ్లు చూసుకున్నాడు. తలెత్తి సీటు అడుగు చూశాడు. అదీ నల్లగా ఉంది. వేలితో తడుముతూ పగులు పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ," అంది భూలక్ష్మి బయటినుంచి. "బండిలో ఏదైనా లోపముందాండీ? ఆ పొద్దున నేను గొడవెట్టుకున్నానండి. ఆ కోపంతోనే గుండాగిందంటన్నారు మా అత్తగారు. నేనే చంపుకున్నానాండీ?"

చెప్పు మేస్త్రీ! ఒక్క మాట చెప్పవయ్యా! నా గొంతు పెగిలితే అరిచేదాన్ని.

"బండిలో ఏం లేదమ్మా," అన్నాడు కిందనుంచే. "సెన్సారొక్కటే పోయింది."

ఆమె వెళ్లాక పగులుకి వెల్డింగ్ పెట్టాడు. కొత్త సెన్సార్ బిగించాడు. దీపం మరి వెలగలేదు.

నేనిప్పుడు షెడ్డు మూల ఇనుపముక్కల డబ్బాలో ఉన్నాను. మేస్త్రీ ఈమధ్య ఏ బండి వచ్చినా ముందు గొట్టమే తడుముతున్నాడు. భూలక్ష్మి అన్నం సరిగా తినడం లేదనీ, అత్తగారి ముందు తలెత్తడం లేదనీ వచ్చినవాళ్లు చెప్పుకుంటారు. ఆ మాట వినపడగానే ఆయన ఇంకో బండి కిందికి దూరిపోతాడు.